నా ఫోటోలో ఉన్న మనిషి ఇప్పుడు వద్దంటున్నాడు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరానికి ఇది సమాధానం. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు వదిలేసి, ముందు ఉత్తరం సారాంశం చెబుతాను.

ఆమెకు 29 ఏళ్లు. తండ్రి నడిపే ఫోటో స్టూడియోలోనే పెరిగి, డిగ్రీ అయ్యాక అందులోనే పనిలోకి దిగారు. పెళ్లిళ్లు, ఓణీ ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తారు, ఆల్బమ్ డిజైన్ కూడా తానే చూసుకుంటారు. కొన్నేళ్లుగా గంగమ్మ జాతర సమయంలో మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం కట్టే మగవాళ్లను ఫోటో తీస్తున్నారు. ఆమె తీసేది వీధిలో తిరిగే వేషాన్ని కాదు, ఇంట్లో వేషం కట్టుకుంటున్నప్పటి సమయాన్ని. ఆ పరిచయాలతో ఊళ్లోని కొందరు ట్రాన్స్‌జెండర్ మహిళలు కూడా ఆమెను తమ ఇళ్లకు రానిచ్చారు. ఈ రెండు రకాల ఫోటోలను కలిపి ఒక వరుసగా కూర్చి పంపితే, చెన్నైలో జరగబోయే ఒక ప్రదర్శనకు ఎంపికయ్యాయి.

వాటిలో అందరి కన్నూ పడింది ఒక యువకుడి ఫోటో మీద. అతను పెరట్లో స్టూలు మీద కూర్చుని, సెల్‌ఫోన్‌ను అద్దంలా ఎదురుగా పట్టుకుని కాటుక దిద్దుకుంటున్నాడు. వెనక నిలబడిన అక్క పళ్ల మధ్య పిన్నులు కరిచిపట్టుకుని, అతని జుట్టుకు సవరం కలిపి జడ వేస్తోంది. మీసం అప్పుడే తీసేయడంతో పెదవి పైన చర్మం మిగతా ముఖం కంటే లేత రంగులో కనిపిస్తోంది. ఆ ఫోటో కింద అతని మాటనే ఆమె రాశారు: "ఏడాదిలో ఈ వారమే నేను నేనుగా ఉంటానక్కా." ఆ రోజు అతను సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాడు. ఇప్పుడు పుత్తూరు వైపు సంబంధం కుదిరింది. ఫోన్ చేసి, "ఆ ఫోటో తీసెయ్యక్కా, నీకు దండం పెడతా" అన్నాడు. ప్రదర్శన నిర్వాహకులేమో ఆ ఫోటో లేకపోతే వరుసకు ప్రాణం లేదంటున్నారు, సంతకం ఉంది కదా అంటున్నారు.

ఇంట్లో మరో బాధ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ ఫోటోలు చూసిన ఒక కుటుంబం అడ్వాన్సు వెనక్కి తీసుకుని పెళ్లి ఆర్డరు వేరేవాళ్లకు ఇచ్చింది. "ఈ బొమ్మలు మనకు కూడు పెడతాయామ్మా?" అని తండ్రి అడుగుతున్నారు. ఆయనకు స్టూడియో కూతురి చేతిలో పెట్టాలని ఉంది. ఆమెకు అన్నీ వదిలేసి చెన్నై వెళ్లిపోవాలని ఉంది. చివర ఇలా రాశారు: "నాన్నకు నచ్చినట్టు బతికితే నేనెవరో నాకే తెలియకుండా పోతుంది. అతను అడిగినట్టు ఫోటో తీసేస్తే నా పనిని నేనే చంపుకున్నట్టు అవుతుంది. పైగా ఆ పెళ్లికూతురికి నిజం తెలియాలి కదా అని కూడా అనిపిస్తోంది. నేనేం చేయాలి?"

మీ ఉత్తరం చదివాక నాకు మొదట కలిగిన భావం గౌరవం. మీరు వివరించిన ఫోటో నేను చూడలేదు, అయినా మీసం తీసిన చోటును గమనించిన కన్ను సామాన్యమైనది కాదు. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. ముందు ఆ యువకుడి సంగతి చూద్దాం, దానికి గడువుంది. స్టూడియో, చెన్నై కొన్ని నెలలు ఆగినా నష్టం లేదు.

తిరుపతిలో పుట్టి పెరిగిన మీకు గంగమ్మ వేషాల గురించి నేను చెప్పనక్కరలేదు. చాటింపు వేసిన మర్నాటి నుంచి బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకొక వేషం నడుస్తుంది. దాక్కున్న పాలెగాడిని బయటికి రప్పించడానికి అమ్మవారే ఇన్ని వేషాలు మార్చిందన్న కథ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. బిడ్డకు జబ్బు చేస్తే తల్లి మొక్కుకుంటుంది, ఆ బిడ్డ పెద్దవాడయ్యాక చీర కట్టి మొక్కు తీరుస్తాడు. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు, ఇరుగుపొరుగు వచ్చి పూలు పెట్టి మరీ పంపుతారు. అతన్ని చీరలో చూసి పుత్తూరు వాళ్లు సంబంధం వదులుకుంటారని నేను అనుకోను, బహుశా అతనూ అనుకోవడం లేదు.

అతన్ని భయపెడుతున్నది ఫోటో కింద మీరు రాసిన వాక్యం. ఆ వాక్యం పడగానే మొక్కు కాస్తా ఆత్మకథగా మారిపోయింది. దానికి తోడు, ఆ ఫోటో ట్రాన్స్‌జెండర్ మహిళల ఫోటోల మధ్య వేలాడబోతోంది. పక్కపక్కన పెట్టిన రెండు ఫోటోలు, ఏ ఒక్కటీ విడిగా చెప్పని మూడో మాటను చెబుతాయి. ఆల్బమ్ డిజైన్ చేసే మీకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఆ మూడో మాట అతని జీవితం గురించి నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. కానీ దాన్ని చెప్పినది అతను కాదు, మీరు చేసిన అమరిక.

అతను ఆ మాట ఎవరితో అన్నాడో కూడా ఆలోచించండి. "అక్కా" అని పిలిచి అన్నాడు. పెరట్లో, సొంత అక్క జడ వేస్తుండగా, రోజూ చూసే మనిషితో అన్నాడు. మీ మెడలో కెమెరా ఉన్న మాట నిజమే, కానీ అతని ఎదుట ఆ క్షణంలో ఉన్నది కెమెరా కాదు. అతను సంతకం చేసిన కాగితంలో ఫోటో గురించి మాత్రమే ఉందా, అతని మాటలు అచ్చు వేయడం గురించీ ఉందా? అది ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించారా? చెన్నైలో గోడ మీద పెడతారని, అక్కడి నుంచి ఎవరైనా ఫోన్‌తో తీసి క్షణాల్లో తిరుపతికి పంపగలరని అతనికి ఆ రోజు తెలుసా? ఈ ప్రశ్నలకు మీ జవాబులు ఎలా ఉన్నా మిమ్మల్ని నిందించను, ఎందుకంటే ఆ రోజు మీకూ ఈ ప్రదర్శన సంగతి తెలియదు. అయితే ఆనాటి సంతకం ఈనాటి పరిస్థితికి సరిపోతుందని అనుకోవడం మాత్రం కష్టం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. మీ అంతట మీరు తీసిన ఫోటోకు హక్కు మీదే. అంటే మీరు తీసే పెళ్లి ఫోటోల కంటే ఈ ఫోటో మీదే మీకు హక్కు ఎక్కువ. మరోవైపు, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. రేపు గొడవ వస్తే ఎవరి మాట నెగ్గుతుందో న్యాయవాదిని అడగవలసిందే. కానీ మీరు నాకు రాసింది న్యాయవాదిని అడిగే ప్రశ్న కాదు. హక్కు మీదేనని తెలిసి కూడా మీకు నిద్ర పట్టడం లేదు కాబట్టి రాశారు.

ఈ చిక్కు మీకంటే ముందు చాలామందికి ఎదురైంది. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల శిబిరంలో డొరోథియా లాంగ్ అనే ఫోటోగ్రాఫర్ ఒక తల్లిని, ఒళ్లో పిల్లలతో ఉండగా తీసింది. పేరు అడగలేదు. ఆ ఫోటో అమెరికా పేదరికానికే ముఖంగా నిలిచిపోయింది. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ తల్లి ఎవరో లోకానికి తెలిసింది 1978లో, అదీ ఆ ఫోటో వల్ల తనకు ఒరిగిందేమీ లేదన్న ఆమె బాధ ద్వారా. 1983లో ఆమెకు జబ్బు చేసినప్పుడు, ఆ ఫోటోను గుర్తుపెట్టుకున్న జనం విరాళాలు పంపారు, ఉత్తరాలు రాశారు. వాటిని చదివాక ఆమె పిల్లలు ఆ ఫోటోను కొంత వేరుగా చూడగలిగారు. ఫోటో గొప్పదే, దాని వల్ల లోకానికి మేలూ జరిగింది. అయినా నలభై ఏళ్లకు పైగా అందులోని మనిషికి ఆ విషయంలో నోరు లేదు.

దక్షిణాఫ్రికాకు చెందిన జనేలే ముహోలి వేరే దారి పట్టారు. తమ సముదాయంలోని లెస్బియన్, ట్రాన్స్ మనుషుల ముఖచిత్రాలను 2006 నుంచి తీస్తూ, అదే మనుషుల దగ్గరికి ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి తీస్తూ వచ్చారు. అలా తిరిగి వెళ్లడం వల్ల, అవతలి మనిషికి తన సమ్మతిని మళ్లీ ఇవ్వడానికో మార్చుకోవడానికో వీలు కలుగుతుంది. మన దేశంలో దయానితా సింగ్ ఢిల్లీలోని హిజ్రా అయిన మోనా అహ్మద్‌తో ఏళ్ల స్నేహం తర్వాత 2001లో పుస్తకం తెచ్చినప్పుడు, అందులో మోనా తన కథను తన మాటల్లోనే చెప్పుకున్నారు. మీ వరుసలోని ట్రాన్స్‌జెండర్ మహిళల్లో ఒకరు "నా ముఖం పెద్దగా పెట్టు, పేరు కూడా రాయి" అన్నారని మీరే రాశారు. ఆమెకు కనిపించడమే స్వేచ్ఛ. ఈ యువకుడికి ప్రస్తుతం కనిపించకపోవడమే స్వేచ్ఛ. ఇద్దరికీ ఒకే నియమం పెట్టి, ధైర్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని విడదీస్తే అది అన్యాయం అవుతుంది.

ఇక మీ ముందున్న దారులు. సంతకం చూపించి ఫోటోను, వాక్యాన్ని ఉన్నదున్నట్టు ప్రదర్శించవచ్చు. ప్రదర్శనకు పేరొస్తుంది. కానీ వచ్చే జాతరకు మీరు ఏ ఇంటి పెరట్లోకి వెళ్లినా ఈ సంగతి మీకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది. మీ పనికి పెట్టుబడి కెమెరా కాదు, ఆ ఇళ్ల తలుపులు. మీ మీద నష్టం అంతటితో ఆగవచ్చు, అతని మీద ఎంతదాకా పోతుందో మీరుగానీ నేనుగానీ ఊహించలేం.

ఫోటో ఉంచి వాక్యం తీసేయడం రెండో దారి. పైకి ఇది మధ్యేమార్గంలా కనిపిస్తుంది, నిర్వాహకులు కూడా దీనికి వెంటనే ఒప్పుకుంటారు. అయితే వాక్యం పోయినా పక్క ఫోటోలు పోవు, వరుస పేరు పోదు. అతను మళ్లీ చూసి, వరుస మొత్తం తెలుసుకుని, ఏ ఫోటో పక్కన తన ఫోటో ఉంటుందో విని సరేనంటేనే ఇది న్యాయం. అడిగేటప్పుడు అతని గొంతులో మొహమాటం వినిపిస్తే దాన్ని కాదన్నట్టుగానే తీసుకోండి. "నీకు దండం పెడతా" అన్న మనిషి మీకు ఎదురు చెప్పడానికి జంకుతాడు.

మూడోది, ముఖం తెలియని ఫోటో. వెనక నుంచి జడ, అక్క చేతులు, నోట్లో పిన్నులు కనిపించే ఫ్రేమ్ ఏదైనా అదే రోజు తీసినదాంట్లో ఉందేమో వెతకండి. మీ ఉత్తరం చదువుతూ నాకు ఆ అక్క మీదే ఎక్కువ ఆసక్తి కలిగింది. తమ్ముడికి జడ వేస్తూ ఆమె ఏం అనుకుంటోందో మనకెవరికీ తెలియదు. అయితే ఆమె సమ్మతి కూడా విడిగా కావాలి. అక్క ముఖం చూసి తమ్ముణ్ని గుర్తుపట్టని వీధి తిరుపతిలో ఉండదు.

నాలుగోది, పూర్తిగా తీసేయడం. మీ పనిని చంపుకున్నట్టు అవుతుందన్నారు. ఒక్క ఫోటో పోతే చచ్చిపోయే వరుస అయితే అది వరుసే కాదు. ఆ స్థానాన్ని ఖాళీగా ఉంచి, అక్కడ ఉండవలసిన మనిషి ఉండకూడదని కోరుకున్నాడని ఒక్క ముక్క రాసే ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. అది కూడా అతని అనుమతితోనే చేయాలి, ఎందుకంటే ఖాళీ చోటు గురించి జనం ఆరా తీస్తారు. తీసేసిన ఫోటో ఎక్కడికీ పోదు. పదేళ్ల తర్వాత అతనే అడగవచ్చు, ఎప్పటికీ అడగకపోవచ్చు.

నా మొగ్గు ఎటో దాచను: మూడోది, కుదరకపోతే నాలుగోది. నిర్ణయం మీదే.

పెళ్లికూతురి గురించి మీరు రాసిన మాటను తేలిగ్గా తీసుకోలేను. ఒక అమ్మాయి జీవితం అందులో ఉంది, ఆ ఆలోచన రావడం మీ మంచితనమే. కానీ మీకు తెలిసింది ఒక్క వాక్యం. "నేను నేనుగా ఉంటాను" అన్నదానికి భక్తి అని అర్థం చెప్పవచ్చు, ఏడాదంతా దుకాణంలో నిలబడి మాటలు పడే మనిషికి దొరికిన ఒక వారం విడుపు అని చెప్పవచ్చు, మీరు అనుకుంటున్న అర్థమూ చెప్పవచ్చు. అతని నోటితో అతను చెప్పనిదాన్ని మీరు మరొకరికి చెప్పకూడదు. చేయగలిగింది ఒకటుంది. ఫోటో తీసేశానని చెప్పాక, ఆ బేరం ఏదీ మధ్యలో లేనప్పుడు, "ఈ పెళ్లి నీకు ఇష్టమేనా?" అని అక్కగా అడగండి. ఫోటో విషయం తేలకముందు ఈ ప్రశ్న అడిగితే అతనికి అది బెదిరింపులా వినిపిస్తుంది.

నాన్నగారి విషయానికి వస్తే, ఒక మాట మీకు కష్టంగా అనిపించినా అంటాను. మీరు నాన్నగారిని అడుగుతున్నది, ఆ యువకుడు మిమ్మల్ని అడుగుతున్నది ఒకటే: నా బొమ్మ ఎలా ఉండాలో నన్ను తేల్చుకోనివ్వండి అని. అతనికి మీరు ఇవ్వగలిగితే, ఆయన దగ్గర అడిగేటప్పుడు మీ గొంతుకు బలం వస్తుంది.

ఆయన మీకు శత్రువు కాదు. మీ ఉత్తరంలోనే ఉంది, వెలుగు చూడడం నేర్పింది ఆయనేనని. ఆర్డరు పోయిన రోజున ఆయనకు కనిపించింది మీ కళ కాదు, ఆ నెల అద్దె, ల్యాబ్ బిల్లు, జీతం ఇవ్వవలసిన కుర్రాళ్లు. దీనికి వాదనతో కాక ఏర్పాటుతో జవాబు చెప్పండి. స్టూడియో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా వేరు, మీ ఖాతా వేరు చేయండి, అది సిగ్గుపడి దాచడం కాదు, రెండు కొట్లకు రెండు బోర్డులు పెట్టడం. అసలు తగవు మే నెలలో వస్తుందని నా ఊహ, వైశాఖ ముహూర్తాలు, జాతర వారం ఒకదాని మీద ఒకటి పడతాయి కదా. ఆ వారానికి మీ బదులు ఒక ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్‌ను మీ సొంత డబ్బుతో పెట్టి, ముందే నాన్నగారికి చెప్పండి. ఆషాఢం, మూఢం రోజులు ఎలాగూ మీవే.

ఇలా రెండు పనులు చేయడం తక్కువతనమని మీకు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మకండి. అమెరికాలో నల్లజాతివారి జీవితాన్ని చూపిన గోర్డన్ పార్క్స్ అదే కాలంలో ఫ్యాషన్ ఫోటోలూ తీశాడు. 1948లో న్యూయార్క్‌లోని హార్లెమ్ కుర్రాళ్ల ముఠా మీద అతను తీసిన వందలాది ఫోటోల్లోంచి పత్రిక ఎంచుకున్న కొద్దిపాటి వాటిలో, ఆ ముఠా నాయకుడి ఇల్లూ మనసూ కనిపించేవి తగ్గి, కొట్లాట కనిపించేవి పెరిగాయి. తీసినవాడు ఎంత మంచివాడైనా, ఏరే చెయ్యి వేరొకరిదైతే మనిషి మారిపోతాడు. మీ నిర్వాహకులతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మనకు దగ్గరలో చూస్తే, మదురై వైపు చేపలమ్మే తల్లి కొడుకు ఎం. పళని కుమార్ పారిశుద్ధ్య కార్మికుల బతుకును ఏళ్ల తరబడి తీశారు. పల్లె బతుకులను నమోదు చేసే పారి సంస్థతో కలిసి దయానితా సింగ్ నెలకొల్పిన డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ పురస్కారం 2022లో మొదటగా ఆయనకే వచ్చింది. ఆయన తన తల్లినీ, ఆమె చేపల పనినీ కూడా ఫోటోలుగా తీశారు. మీరు నాన్నగారిని ఎప్పుడైనా పనిలో ఉండగా తీశారా? కొండ దిగి వచ్చి, ఏడుకొండల పరదా ముందు గుండ్లతో వరుసగా నిలబడిన కుటుంబాల నెగెటివ్‌లు ఆయన బీరువాలో ఉండే ఉంటాయి. తల్లీ తండ్రీ బిడ్డా అందరూ గుండుతో నిలబడిన ఆ ఫోటోలు మనిషి గుర్తింపు గురించి చెప్పేది మీ జాతర ఫోటోలు చెప్పేదానికి దూరమైనదేమీ కాదు. అవి జనం డబ్బిచ్చి తీయించుకున్నవి కాబట్టి ప్రదర్శించే ముందు వాళ్ల హక్కు చూసుకోవాలి. కానీ ఆయనతో కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా చూడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

చెన్నైకి వెళ్లవద్దని నేను చెప్పను. తిరుపతి నుంచి రైల్లో పొద్దున వెళ్లి రాత్రికి రాగలిగే దూరమే కాబట్టి, ముందు ప్రదర్శనకు, ఆ తర్వాత ఏదైనా చిన్న పనికి వెళ్లి వస్తూ చూడండి. అక్కడ గది అద్దెకు తీసుకుంటే బతుకుతెరువు కోసం అక్కడా పెళ్లిళ్లే తీయవలసి రావచ్చు, మీ మనుషులు మాత్రం ఇక్కడే ఉంటారు. ఏడాది తర్వాత కూడా వెళ్లాలనే అనిపిస్తే, అది ఆర్డరు పోయిన కోపంలో తీసుకున్న నిర్ణయం కాదని మీకే తెలుస్తుంది.

ఈ వారంలో చేయవలసింది మాత్రం వేరు. నిర్వాహకులకు రాయడానికి ముందు అతన్ని కలవండి, ఫోన్‌లో కాదు, అతను చెప్పిన చోట. వరుస మొత్తం ప్రింట్లు తీసుకెళ్లి చూపించండి. అతను తేల్చాక నిర్వాహకులకు రెండే వాక్యాలు రాయండి: ఫలానా ఫోటో ఉండదు, దాని స్థానంలో ఇది పంపుతున్నాను, లేదా ఏదీ పంపడం లేదు. కారణం వివరించబోయి అతని కథ చెప్పకండి. వాళ్లు ఒప్పుకుంటే, ఫోటోలోని ఏ వ్యక్తి కోరినా ప్రదర్శన మధ్యలోనైనా ఆ ఫోటో దించుతారన్న షరతును ఒప్పందంలో రాయించుకోండి. కేటలాగులోనూ, పత్రికలకు పంపే చిత్రాల్లోనూ, వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పాత ఫోటో లేదని మీరే స్వయంగా చూసుకోండి. మీ పేజీలో ఇప్పటికే ఉన్నదాన్ని ఈ రోజే తీసేయండి.